కారు హెడ్‌లైట్లు: బల్బు మార్చాలా, దీపమే మార్చాలా, ఉన్నదాన్ని బాగుచేసుకోవాలా?

రాత్రిపూట రోడ్డు సరిగా కనిపించడం లేదని అనిపించగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ బల్బుల జత కోసం వెతకడం, లేదా తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి మంచి పవర్ ఉన్న లైట్లు వేయమని అడగడం. ఇవి చివరన చేయవలసిన పనులు. కొన్ని కార్లకైతే అసలు చేయకూడనివి. బల్బు ఎంత వెలుతురును పుట్టిస్తుందనే దానికన్నా, పుట్టిన వెలుతురు రోడ్డు మీద ఎక్కడ పడుతుందన్నదే మనకు ఎంత దూరం కనిపిస్తుందో నిర్ణయిస్తుంది. రిఫ్లెక్టర్ హెడ్‌లైటులో (బల్బు వెనుకనున్న అద్దంలాంటి గిన్నె వెలుతురును రోడ్డు మీదికి పంపే రకం) హెచ్4 అనే హాలోజెన్ బల్బు ఉండే కార్లు మన రోడ్ల మీద ఇప్పటికీ లెక్కకు మించి ఉన్నాయి కాబట్టి ప్రధానంగా వాటి యజమానుల కోసమే ఈ పోలిక రాస్తున్నాను. ప్రొజెక్టర్లు (వెలుతురును గుండ్రటి లెన్సు గుండా పంపే దీపాలు), కంపెనీ నుంచే వచ్చే ఎల్‌ఈడీ దీపాల సంగతి వాటి వంతు వచ్చినప్పుడు చెబుతాను.

ఎంత దూరం కనిపించాలి?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అడ్డంగా ఏదో ఉందని గుర్తించి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే ఆలోపే 33 మీటర్లు వెళ్లిపోతాం. ఆ తరువాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినా కారు ఆగేసరికి మరో 40 మీటర్లు కావాలి. మొత్తం 70 మీటర్లకు పైమాటే. వేగం 100కు చేరితే ఇదే లెక్క 105 మీటర్లు అవుతుంది. మామూలు హాలోజెన్ దీపం లో బీమ్‌లో, అంటే కిందికి దించిన వెలుతురులో, 50, 60 మీటర్ల అవతల ఉన్న ముదురు రంగు వస్తువు కళ్లకు ఆనడమే కష్టం. మన రోడ్ల మీద అసలు ప్రమాదం తెచ్చిపెట్టేవి సరిగ్గా ఇలాంటి వస్తువులే: వెనుక రేడియం స్టిక్కరు లేకుండా రోడ్డు వారన ఆగిన లారీ, లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, నల్లటి గేదెల మంద, వరికోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ హద్దుగా పేర్చిన రాళ్లు. ఎంత ఖరీదైన దీపం పెట్టినా లో బీమ్ మీద 100 కిలోమీటర్ల వేగానికి సరిపడా దూరం దొరకదని ముందే ఒప్పుకుని, తక్కిన చర్చలోకి వెళ్లడం మంచిది.

ముందు ఉన్నదాన్ని చూసుకోవడం

కారు కొని ఐదారేళ్లు దాటితే మొదట చూడవలసింది బల్బును కాదు, దాని ముందున్న ప్లాస్టిక్ లెన్సును. అంబాసిడర్ కాలంలో హెడ్‌లైట్ల మీద గాజు ఉండేది, అది పసుపెక్కేది కాదు. ఇప్పటి లెన్సులు పాలికార్బనేట్‌తో చేసినవి. వాటి మీద అతినీలలోహిత కిరణాలను ఆపే పలుచని పూత ఒకటి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ మండే మన ప్రాంతంలో, నీడలేని చోట నిలిపే కార్లకు ఆ పూత త్వరగా దెబ్బతిని, లెన్సు ముందు మసకబారి తరువాత పసుపు తిరుగుతుంది. అలాంటి లెన్సు వెలుతురును ఆపడమే కాకుండా చెల్లాచెదురు కూడా చేస్తుంది. దాంతో మనకు దూరం కనిపించదు, ఎదుటివారికి మాత్రం కళ్లు చెదురుతాయి. ఈ స్థితిలో ఎంత మంచి బల్బు వేసినా ఈ రెండు ఇబ్బందులూ కలిసే పెరుగుతాయి.

దీనికి మందు నీటితో రుద్దే సాండ్ పేపరు. 800 నంబరుతో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు వరుసగా రుద్ది, పాలిషింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టించాలి. ఇక్కడితో ఆపేస్తే పని సగమే అయినట్టు, ఎందుకంటే రుద్దడంతో పాత పూత పూర్తిగా పోతుంది. దాని స్థానంలో యూవీ క్లియర్ కోటు వేయించకపోతే కొద్ది నెలల్లోనే లెన్సు మళ్లీ మసకబారుతుంది. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా కొన్నాళ్లపాటు బాగానే కనిపించడానికి, ఆ తరువాత నిరాశపరచడానికి కారణం ఇదే. పాలిష్ చేసేవారిని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: చివర క్లియర్ కోటు వేస్తారా, లేదా? వేయరట అంటే వేరేచోటు చూసుకోవడమే మేలు.

లెన్సు బాగానే ఉన్నా లోపలి రిఫ్లెక్టరు మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగి ఉంటే మాత్రం పాలిష్‌తో పని జరగదు. వెండిలా మెరిసే ఆ పూత ఎంత పలుచనిదంటే, మెత్తటి గుడ్డతో తుడిచినా ఊడివస్తుంది. అలాంటప్పుడు హెడ్‌లైటు యూనిట్‌నే మార్చాలి. వానాకాలంలో లెన్సు లోపల కొద్దిగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది మామూలు విషయమే. నీళ్లు అడుగున నిలిచి కదులుతుంటే మాత్రం సీలు పోయినట్టు.

రెండవది ఫోకస్. నా లెక్కలో ఈ వ్యాసం మొత్తంలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. దీనికి పైసా ఖర్చు ఉండదు, చేసేవారు మాత్రం తక్కువ. చదునైన నేల మీద, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో కారు నిలపాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీటులో ఒక మనిషి కూర్చోవాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. డాష్‌బోర్డు మీద 0, 1, 2, 3 అంకెలతో లైట్ల ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే దాన్ని 0 మీద పెట్టాలి. నేల నుంచి హెడ్‌లైటు నడిమికి ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున ఒక గీత గీసి, లో బీమ్ వేసి చూడాలి. వెలుతురుకూ చీకటికీ మధ్య ఒక స్పష్టమైన అంచు కనిపిస్తుంది. మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం కాబట్టి ఆ అంచు కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది. కుడివైపున్న ఆ సమతలపు అంచు గీతకు 10 సెంటీమీటర్ల కింద ఉండాలి.

ఆ 10 సెంటీమీటర్ల లెక్క ఎలా వచ్చిందో చూస్తే దాని విలువ తెలుస్తుంది. దీపం 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు కిందికి దిగుతుంటే, ఆ అంచు 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అదే 20 సెంటీమీటర్లు దిగేటట్టుగా ఉంటే 35 మీటర్ల వద్దే తాకుతుంది. గోడ మీద బెత్తెడు తేడా, రోడ్డు మీద సగానికి సగం దూరాన్ని మింగేస్తుందన్నమాట. ఇక అంచు గీతతో సమానంగా ఉంటే అది ఎక్కడా నేలకు దిగదు, వెలుతురు ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలోకి పోతుంది. బంపరు మార్చినా, సస్పెన్షన్ పని చేయించినా, బల్బు మార్చినా ఈ పరీక్ష మళ్లీ చేసుకోవాలి. హెడ్‌లైటు వెనుక రెండు మరలు ఉంటాయి: ఒకటి పైకీ కిందికీ, మరొకటి పక్కలకు. సాధారణంగా స్టార్ స్క్రూడ్రైవరు ఒకటి ఉంటే సరిపోతుంది.

డాష్‌బోర్డు మీది ఆ చక్రాన్ని కారు కొన్ననాటి నుంచి ముట్టుకోనివారు కోకొల్లలు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి బయల్దేరిన కారులో వెనుక ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉంటే, వెనుక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. ఒక డిగ్రీ లేచినా చాలు, పైన లెక్కించిన ఒక శాతం వాలు మొత్తం పోయి, లో బీమ్ కాస్తా ఎదుటివారికి హై బీమ్‌లా తగులుతుంది. ఆ రాత్రి విజయవాడ రహదారి పొడవునా ఎదుటివాళ్లు మనకు లైటు కొట్టడానికి కారణం వాళ్ల కోపం కాదు, 0 మీద ఉండిపోయిన మన చక్రం. బరువును బట్టి 2కో, 3కో తిప్పి, ఖాళీ కారుతో తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ 0కు తేవాలి.

మూడవది బల్బుకు అందే కరెంటు. హాలోజెన్ దీపం వెలుతురు వోల్టేజీతో పాటు ఒకే నిష్పత్తిలో తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంతో పడిపోతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు ఉండి, సన్నటి వైర్లు, అరిగిన స్విచ్చి, తుప్పు పట్టిన ఎర్తు దాటుకుని బల్బు హోల్డరు వద్దకు 12.4 మాత్రమే చేరిందనుకుందాం. వోల్టేజీలో పోయింది పది శాతమే అయినా, వెలుతురులో పోయేది సుమారు 30 శాతం. మల్టీమీటరు ఉన్న ఏ ఎలక్ట్రీషియన్ అయినా లైటు వెలుగుతుండగా ఈ రెండు చోట్లా కొలిచి చెప్పగలడు. అర వోల్టు వరకు తేడా ఉంటే వదిలేయవచ్చు. ఒక వోల్టు దాటితే ముందు ఎర్తు పాయింటు శుభ్రం చేయించి, అప్పటికీ తగ్గకపోతే రిలే ఉన్న వైరింగ్ కిట్ వేయించాలి. దీనిలో బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా దళసరి వైరు నేరుగా దీపానికి వస్తుంది, పాత స్విచ్చి రిలేను ఆడించే పని మాత్రమే చేస్తుంది. కంపెనీ వైర్లను కోయకుండా, పాత హోల్డరుకు తగిలించే రకం కిట్లు దొరుకుతాయి. వాటినే అడగండి.

ఇక బల్బుల పోలిక

పోల్చేముందు ఒక హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని (గాజును ముట్టుకోకుండా) చూడడం అవసరం. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ముందున్నది 55 వాట్ల లో బీమ్, వెనుకది 60 వాట్ల హై బీమ్. ముందున్న ఫిలమెంటు కింద చిన్న గరిటె వంటి లోహపు రేకు ఒకటి కనిపిస్తుంది. ఆ రేకు కిందికి పోయే వెలుతురును ఆపేయడం వల్ల లో బీమ్‌లో రిఫ్లెక్టరు పైసగానికి మాత్రమే వెలుతురు తగిలి, అక్కడి నుంచి కిందికి, రోడ్డు మీదికి మళ్లుతుంది. గోడ మీద మనం చూసిన అంచును తయారుచేసేది ఈ రేకే. హెచ్4 లో బీమ్ దాదాపు 1000 ల్యూమెన్లకు (ల్యూమెన్ అంటే పుట్టే మొత్తం వెలుతురుకు కొలత) పరిమితం కాగా, ఒకే ఫిలమెంటు ఉండే 55 వాట్ల హెచ్7 బల్బు సుమారు 1500 ల్యూమెన్లు ఇవ్వడానికి ఒక కారణం కూడా ఇదే. రిఫ్లెక్టరులోని ప్రతి వంపునూ ఆ సన్నటి ఫిలమెంటు ఉండే చోటును లెక్కలోకి తీసుకునే మలుస్తారు. కాబట్టి బల్బు ఏదైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వెలుగు పుట్టే చోటు మిల్లీమీటరు తేడా లేకుండా పాత ఫిలమెంటు ఉన్న చోటే ఉందా?

మామూలు 60/55 హాలోజెన్ ఈ ప్రశ్నకు పూర్తిగా నిలబడుతుంది. ధర వందల్లోనే, దారిలో ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది. మంచి కంపెనీ బల్బు, శుభ్రమైన లెన్సు, సరైన ఫోకస్, పూర్తి వోల్టేజీ ఉంటే చాలామందికి ఇంతకన్నా అవసరం ఉండదని నా అభిప్రాయం. గాజు లోపల నల్లబడితే బల్బు కాలిపోయే దాకా ఆగకుండా మార్చాలి, రెండు వైపులా ఒకేసారి మార్చాలి. వేలి జిడ్డు గాజుకు అంటితే ఆ చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచి వేయాలి.

అదే వాటేజీలో 100, 130, 150 శాతం ఎక్కువ వెలుతురు అని పెట్టె మీద రాసి ఉండే ఖరీదైన హాలోజెన్ బల్బులు మరో ఎంపిక. ఫిలిప్స్, ఓస్రామ్ వంటివి వీటిని అమ్ముతాయి. ఆ శాతాన్ని చూసి వెలుతురు రెట్టింపవుతుందని అనుకోవద్దు. మొత్తం ల్యూమెన్లు నియమాల పరిధిలోనే ఉంటాయి. నిబంధన కోరే కనీస వెలుతురుతో పోల్చి, రోడ్డు మీద కొన్ని బిందువుల వద్ద అంత ఎక్కువ ఉంటుందన్నదే ఆ అంకె భావం. అయినా వీటిలో నిజం లేకపోలేదు. ఫిలమెంటును మరింత కుదురుగా చుట్టడం వల్ల కాంతి ఒకచోట కేంద్రీకృతమై దూరం కొద్దిగా పెరుగుతుంది. దానికి బదులుగా ఆయుష్షు తగ్గుతుంది. వారానికి రెండుసార్లు రాత్రి హైవే ఎక్కేవారికి ఇది తగిన బేరం. రోజూ రాత్రంతా తిరిగే ట్యాక్సీకి తగదు, బల్బులు మారుస్తూనే ఉండాలి.

నీలం పూత పూసి తెల్లని వెలుగు ఇస్తామనే హాలోజెన్లను మాత్రం వదిలేయండి. ఆ పూత చేసే పని ఉన్న వెలుతురులో కొంత భాగాన్ని వడకట్టి పారేయడమే.

హైవే మీద ఎక్కువగా తిరిగేవారికి మెకానిక్కులు మొదట సూచించేది 100/90 వాట్ల బల్బు. వెలుతురు పెరిగే మాట నిజమే, దాంతోపాటు వేడీ కరెంటూ పెరుగుతాయి. హై బీమ్‌లో రెండు వైపులా కలిపి 10 ఆంపియర్లు మోయవలసిన వైర్లు 17 దాకా మోయాలి. రిలే కిట్, సెరామిక్ హోల్డరు లేకుండా ఇవి వేస్తే హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత మాడుతుంది. చివరికి బల్బు తీసేసినా పాత వెలుతురు కూడా తిరిగి రాదు. రిలే కిట్ వేయించేదైతే, ఆ కిట్‌తో 60/55 బల్బు పెట్టి ముందు ఒక రాత్రి నడిపి చూడండి. పోగొట్టుకున్న 30 శాతం వెనక్కి రావడమే చాలాసార్లు చాలినంత మెరుగు అవుతుంది.

ఎల్‌ఈడీ బల్బుల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది వాటి గురించే. ముందు అంకెల సంగతి: పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని రాసిన బల్బు 30 వాట్లకు మించి తీసుకోకపోతే ఆ అంకెను నమ్మనక్కరలేదు. వాటుకు వంద ల్యూమెన్ల లెక్కన చూసినా 3000 దగ్గరే ఆగిపోతుంది. ఆ 3000 కూడా హెచ్4 లో బీమ్ కన్నా ఎక్కువే కదా అంటే, ఎక్కువే. చిక్కు అది పడే చోటులో ఉంది. ఫిలమెంటు అన్నివైపులా వెలుగును చిమ్మే సన్నని చుట్ట. ఎల్‌ఈడీ బల్బులో రేకుకు అటూ ఇటూ అతికించిన చిప్పులు ఉంటాయి. ఆ రేకు దళసరిగా ఉంటే రెండు వైపుల వెలుగూ అసలు కేంద్రానికి పక్కకు జరుగుతుంది. దాంతో రిఫ్లెక్టరు దాన్ని ఉద్దేశించిన చోటుకు పంపలేదు. రోడ్డు మీద ఫలితం ఇలా ఉంటుంది: కారు ముందు ఇరవై, ముప్ఫై అడుగులు పట్టపగల్లా తెల్లగా వెలిగిపోతాయి, మనకు అద్భుతంగా ఉందనిపిస్తుంది. దగ్గరలోని ఆ మితిమీరిన వెలుతురుకు కంటిపాప కుంచించుకుపోయి, 60 మీటర్ల అవతలి గేదె ఇంతకు ముందుకన్నా తక్కువగా కనిపిస్తుంది. గోడ మీద చూస్తే అంచు చెదిరి, గీతకు పైన మరకలు మరకలుగా వెలుగు ఉంటుంది. ఆ పైవెలుగే ఎదుటివారి కళ్లలో పడేది.

వీటికి తోడు చిన్న చిన్న బాధలున్నాయి. వెనుక ఫ్యాను ఉన్నందువల్ల రబ్బరు మూత సరిగా పట్టక దుమ్మూ తేమా లోపలికి చేరతాయి. వేడెక్కినకొద్దీ వెలుతురు తగ్గుతుంది. కొన్ని కార్లలో బల్బు పోయిందని డాష్‌బోర్డు హెచ్చరిక వెలుగుతుంది, మరికొన్నిటిలో రేడియో గరగరమంటుంది. అయినా వేయించాలనే పట్టుదల ఉంటే, రేకు పలుచగా, చిప్పులు ఫిలమెంటు కొలతలోనే ఉండి, లో బీమ్ చిప్పుల కింద ఆ గరిటె వంటి అడ్డం ఉన్నదాన్ని ఎంచుకోండి. చిప్పులు ఎడమ కుడి వైపులకు తిరిగి ఉండేలా బిగించి, గోడ పరీక్ష చేయండి. అంచు పాత హాలోజెన్ అంత శుభ్రంగా రాకపోతే వెనక్కి ఇచ్చేయండి. జర్మనీలో 2020లో ఓస్రామ్ ఎల్‌ఈడీ బల్బు ఒకదానికి రోడ్డు అనుమతి దొరికిన మాట నిజం. అది ప్రతి కారు మోడల్‌లోనూ విడిగా పరీక్షించి, జాబితాలో ఉన్నవాటికే ఇచ్చిన అనుమతి. ఆ జాబితా చూపి ఇక్కడ ఏ కారులోనైనా పెట్టవచ్చని ఎవరైనా అంటే అది అమ్మకం మాటే.

జెనాన్ కిట్‌కూ (ఫిలమెంటు లేకుండా వాయువుతో వెలిగే బల్బులు) ఇదే జవాబు, మరికొంత కటువుగా. మామూలు రిఫ్లెక్టరులో జెనాన్ పెట్టడం ఎదుటివారిని గుడ్డివాళ్లను చేయడమే. కంపెనీ నుంచి జెనాన్ ప్రొజెక్టరు వచ్చిన కారుకు మాత్రం అది ఉత్తమమైన దీపాల్లో ఒకటి: 35 వాట్లకే 3000 ల్యూమెన్లకు పైగా ఇస్తుంది.

నిజంగా పెద్ద మార్పు కావాలనుకునేవారికి సాంకేతికంగా సరైన దారి బల్బు మార్చడం కాదు, హెడ్‌లైటు లోపల ప్రొజెక్టరు అమర్చడం. వెలుగు పుట్టే చోటు, దాన్ని మలిచే లెన్సు, అంచును కోసే రేకు అన్నీ ఒకదానికొకటి సరిపడేలా ఒకే యూనిట్‌గా వస్తాయి కాబట్టి అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఖర్చు వేలల్లోకి వెళుతుంది. యూనిట్‌ను వేడిచేసి విప్పి మళ్లీ అతికించాలి కాబట్టి ఆ పనిలో చేయి తిరిగినవారు కావాలి. సీలు సరిగా వేయకపోతే మొదటి వానకే నీళ్లు దిగుతాయి. కొనేటప్పుడు ఎడమవైపు నడిపే దేశాలకు చేసినదో కాదో తప్పక చూడాలి. అమెరికా, యూరప్ ఖండపు రోడ్లకు చేసిన ప్రొజెక్టరు అంచు కుడివైపున పైకి లేస్తుంది, అంటే ఇక్కడ ఎదురుగా వచ్చేవాళ్ల మీదికే.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 106వ నియమం మరింత సూటిగా ఉంటుంది. దీపానికి 8 మీటర్ల ముందు, దాని కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషికి వెలుగు కళ్లు చెదిరేలా తగలకూడదు. కూర్చుని చదివితే క్లిష్టంగా అనిపించే ఈ వాక్యాన్ని గోడ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి రెండు నిమిషాల్లో పరీక్షించుకోవచ్చు. పూర్వం లారీలు, బస్సుల హెడ్‌లైట్ల మీద నల్ల చుక్క పెట్టడంలోని ఉద్దేశమూ ఇదే. మంచి అంచు ఉన్న నేటి దీపాల మీద అది అనవసరం, పైగా ఉన్న వెలుతురును తగ్గిస్తుంది. ముందుభాగాన సెర్చిలైటు, స్పాట్‌లైటు బిగించడాన్ని 111వ నియమం నిషేధిస్తుంది కాబట్టి, జీపుల మీద ముచ్చటగా కనిపించే ఎల్‌ఈడీ బార్ల గురించి వేరే చర్చ అక్కరలేదు. పొలం గట్టు దాటి రోడ్డెక్కాక వాటికి చోటు లేదు.

పొగమంచు, వాన

ఫాగ్ లైట్ల గురించి ఉన్న అపోహ పెద్దది. అవి దూరం చూపించడానికి కావు. బంపరు కింద, నేలకు దగ్గరగా ఉండి, మంచు తెర కింది నుంచి రోడ్డు అంచులను దగ్గరలో చూపిస్తాయి. లంబసింగి, అరకు దారిలో చలికాలపు తెల్లవారుజామున హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టుంటుంది. అక్కడ లో బీమ్, ఫాగ్ లైట్లు, తక్కువ వేగం తప్ప వేరే సాధనం లేదు. పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందన్న మాటకు ఆధారం లేదు; మంచు బిందువులు కాంతి తరంగాలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకే రీతిగా చెదరగొడతాయి. అయితే నీలి ఛాయ ఉన్న తెలుపుకన్నా పసుపు మన కంటికి తక్కువ చిరాకు కలిగిస్తుంది, అందుకని పసుపు ఫాగ్ లైటు ఇష్టపడేవారిని తప్పుపట్టనక్కరలేదు. ఫ్రాన్సులో 1993 దాకా హెడ్‌లైట్లు పసుపు రంగులోనే ఉండేవి.

వానలో తడిసిన తారు రోడ్డు అద్దంలా మారి, మన వెలుతురును వెనక్కి పంపకుండా ముందుకే జార్చేస్తుంది. లైట్లు వెలుగుతున్నాయా లేదా అన్న అనుమానం అప్పుడు అందరికీ వస్తుంది. 6000 కెల్విన్లకు (వెలుగు రంగుకు కొలత) మించిన తెల్లటి ఎల్‌ఈడీ వేసినవారు ఎక్కువగా మొరపెట్టుకునేదీ వానాకాలంలోనే. ఈ బాధ తగ్గించడానికి బల్బుకన్నా ముందు అద్దాన్ని చూడండి. వైపరు రబ్బరు గీతలు పెడుతున్నా, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టినా ప్రతి ఎదురు లైటూ నక్షత్రంలా విచ్చుకుంటుంది. లోపలి పొరను నెలకొకసారి తడి మైక్రోఫైబరు గుడ్డతో తుడవాలి. నలభై దాటి, ఈ మధ్యనే రాత్రి డ్రైవింగు కష్టమైనవారు బల్బు కొనేముందు కళ్లు పరీక్ష చేయించుకోవడం చవకైన పని.

ఎవరికి ఏది?

ఊళ్లో, వీధి దీపాల కింద ఎక్కువగా తిరిగే కారుకు లెన్సు పాలిష్, ఫోకస్, మామూలు 60/55 చాలు, అదనంగా ఏదీ కొనవద్దు. వారాంతాల్లో రెండు వరుసల రాష్ట్ర రహదారుల మీద, ఎదురు లైట్ల మధ్య నడిపేవారికి రిలే కిట్, మంచి హాలోజెన్ జత సరైన కలయిక. నాలుగు వరుసల రహదారి మీద మధ్యలో చెట్లున్న డివైడరు ఉంటే హై బీమ్ వాడుకునే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడా ఇదే సరిపోతుంది. ఘాట్ రోడ్లలో మలుపు లోపలి అంచు కనిపించడానికి ఫాగ్ లైట్ల వెడల్పాటి వెలుగు ఉపయోగపడుతుంది. కారును ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంచుకోవాలని, రాత్రి ప్రయాణం తప్పదని నిశ్చయంగా తెలిసినవారు మాత్రమే, చట్టం సంగతి ముందు తేల్చుకుని, ప్రొజెక్టరు గురించి ఆలోచించాలి. ఎల్‌ఈడీ బల్బును రిఫ్లెక్టరు హెడ్‌లైటులో వేయమని ఈ వర్గాల్లో ఎవరికీ నేను సలహా ఇవ్వను.

కొత్త కారు కొనేవారికి ప్రశ్న మరో రూపంలో వస్తుంది: పై వేరియంట్‌లో ఎల్‌ఈడీ ఉంది, కింది దానిలో హాలోజెన్ ఉంది, తేడాకు తగిన విలువ ఉందా? ఎల్‌ఈడీ అన్న పేరు చూసి నిర్ణయించకూడదు. అమెరికాలో కార్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ 2016లో మొదటిసారి హెడ్‌లైట్లకు రేటింగు ఇచ్చినప్పుడు 31 మధ్యతరహా కార్లలో ఒక్కదానికే మంచి గ్రేడు వచ్చింది. ఆ ఒక్క కారు కూడా ఎల్‌ఈడీ దీపాలున్న వేరియంట్‌లోనే నెగ్గింది, హాలోజెన్ వేరియంట్‌లో అన్నిటికన్నా కింది గ్రేడు తెచ్చుకుంది. అదే జాబితాలో కొన్ని ఖరీదైన కార్లు వెనుకబడ్డాయి. అంటే ఎల్‌ఈడీ వల్ల మేలు జరగవచ్చు, కానీ అది ఆ కారు దీపం రూపకల్పన మీదే ఆధారపడి ఉంటుంది. షోరూమువారు టెస్ట్ డ్రైవ్ పగలే ఇస్తారు. సాయంత్రం ఏడు దాటాక, వీధి దీపాలు లేని రోడ్డు మీద ఇమ్మని పట్టుబట్టండి. హై బీమ్, లో బీమ్ మార్చి చూసి, ఎడమ అంచున ఉన్న కిలోమీటరు రాయి ఎంత దూరం నుంచి కనిపిస్తుందో గమనించండి. తరువాత సర్వీసు విభాగంలోని స్పేర్ పార్ట్స్ కౌంటరుకు వెళ్లి, ఆ ఎల్‌ఈడీ యూనిట్‌లో ఒక్క చిప్పు పోయినా, చిన్న గుద్దుకు లెన్సు పగిలినా మొత్తం యూనిట్ మార్చాలా అని, మార్చవలసి వస్తే ఒక వైపుకు ఎంత అవుతుందని అడిగి, ఆ అంకెను వేరియంట్ల ధరల తేడా పక్కన రాసుకుని చూడండి.